నిజం తెలిసింది సరే, దాన్నిబట్టి ఏం తేలింది? నలుగురూ కూర్చుని సమస్య విప్పే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైతు బృందాలతో, పొదుపు సంఘాలతో సమావేశాలు నడిపేవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అందరినీ కూర్చోబెట్టాం, వివరాలన్నీ రాశాం, చార్టు నిండిపోయింది. అయినా చివరికి మొదట ఎవరు ఏమన్నారో అదే తీర్మానం అయింది. ఎక్కడ తప్పుతోంది?"

నాకు కనిపించినంతలో తప్పు ఒక్కచోటే జరుగుతోంది. నిజాలు పోగేయడానికీ పరిష్కారం చెప్పడానికీ మధ్య ఒక పని ఉంది. ఒక్కో నిజాన్నీ పట్టుకుని "ఇది నిజమైతే ఇంకేం నిజం కావాలి?" అని అడగాలి. దాదాపు ప్రతి సమావేశమూ ఈ మెట్టు దాటేసి దూకుతోంది. ఆ పని ఎలా చేయాలో వరుసగా రాస్తున్నాను. ఉదాహరణకు ఆమదాలవలస వైపు ఒక ఊళ్లో చెరువు నీటి మీద జరిగిన సమావేశాన్ని తీసుకుంటాను.

1. సమావేశానికి ముందు

సగం పని కూర్చోకముందే అయిపోవాలి. ముఖ్యంగా ఎవరిని పిలుస్తున్నామన్నది.

ఎనిమిది నుంచి పదిహేను మంది చాలు. ముప్పై మంది వస్తే పదిమంది మాట్లాడతారు, మిగిలినవాళ్లు వింటారు. సమస్య ఎవరి గడప తొక్కుతుందో వాళ్లు తప్పక ఉండాలి. నీటి సమస్య అయితే శివారు రైతులు (కాలువ చివర పొలాలవాళ్లు), తూము తీసి మూసే మనిషి, నాట్లకూ కలుపుకూ వెళ్లే ఆడవాళ్లు ఉండాలి. పట్టాదారు ఒక్కడే వస్తే కాగితం మీది పొలం గురించి మాట్లాడతాడు. కౌలుకు చేసేవాడికి మడి తెలుసు.

రెండు రోజుల ముందు ఒక్కొక్కరినీ విడిగా కలిసి "ఈ విషయంలో మీకు మాత్రమే తెలిసింది ఏమైనా ఉందా?" అని అడగండి. ఇది మర్యాద కోసం చేసే పని కాదు. 1985లో స్టాసర్, టైటస్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు చిన్న బృందాల మీద పరీక్ష చేశారు. బృందంలో అందరికీ ముందే తెలిసిన సంగతులే చర్చలో పదే పదే వచ్చాయి. ఒక్కరికే తెలిసిన సంగతులు చాలావరకు బయటికే రాలేదు, వాటిని కలిపి చూస్తే సరైన జవాబు వచ్చేది అయినా. మన రామమందిరం అరుగు మీద జరిగేదీ అచ్చంగా ఇదే.

సిద్ధం చేసుకోవలసినవి:

- రెండు పెద్ద చార్టు కాగితాలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు
- చీటీలు (ఒక్కో చీటీ మీద ఒక్క నిజమే)
- ఊరి పటం, చేత్తో గీసిందైనా సరే
- సంబంధించిన లెక్కల పుస్తకం, ఉంటే
- రెండు గంటల సమయం. ఉభాల (వరి నాట్ల) రోజుల్లోనూ కోతల్లోనూ పెట్టకండి. మనుషులు వచ్చినా మనసు పొలంలోనే ఉంటుంది

2. సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

ఆ వాక్యంలో కారణమూ ఉండకూడదు, మందూ ఉండకూడదు.

"పూడిక తీయకపోవడం వల్ల శివారుకు నీరు అందడం లేదు" అని రాస్తే సమావేశం అప్పుడే ముగిసినట్టు. ఇక మిగిలేది నిధులు ఎవరిని అడగాలన్నదే. "శివారు 30 ఎకరాలు అక్టోబరులో, వరి ఈనే సమయానికి ఎండుతున్నాయి" అని రాయండి. ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నవి ఉంటే చాలు.

3. నిజానికీ అభిప్రాయానికీ మధ్య గీత గీయండి

చార్టు మీద నిలువుగా ఒక గీత గీసి ఎడమవైపు నిజాలు, కుడివైపు అభిప్రాయాలు రాయండి. చీటీ ఎటు పెట్టాలో తేలకపోతే ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎలా లెక్కపెట్టారు అని అడగండి. మూడింటికీ జవాబు ఉంటే ఎడమవైపుకు వెళ్తుంది.

"ఎగువ రైతులకు దురాశ" అన్నది కుడివైపు. "మొన్న సోమవారం పొద్దున ఎగువ మూడు మడవలు తెరిచి ఉన్నాయి, నేను చూశాను" అన్నది ఎడమవైపు (మడవ అంటే కాలువ నుంచి మడిలోకి నీరు పెట్టే గండి). అభిప్రాయాలను కొట్టేయకండి. కోపం ఉన్న మనిషి మాట చార్టు మీద ఎక్కడో ఒకచోట కనిపించాలి. లేకపోతే అతను మిగిలిన రెండు గంటలూ దాన్నే చెబుతాడు.

చెరువు సమావేశంలో ఎడమవైపు నిలిచిన నిజాలు ఇవి:

- రెండేళ్లుగా సెప్టెంబరులో చెరువు నిండి అలుగు పారింది.
- శివారు మళ్లు అక్టోబరులో ఎండాయి.
- ఎగువ రైతులు శివారు కంటే 20 రోజుల ముందే ఉభాలు ముగించారు.
- తూము తలుపు మర తుప్పు పట్టి పూర్తిగా దిగడం లేదు. సాయంత్రం మూసినా కింద నుంచి నీరు కారుతోంది.

అయిదో నిజం చాలా ఆలస్యంగా వచ్చింది. శివారులో ఎకరం పావు కౌలుకు చేసే ఒక పెద్దామె స్తంభం పక్కన కూర్చుని అంతసేపూ వింటూ ఉంది. "అమ్మా, మీరేమంటారు?" అని అడిగితే, "బాబూ, మా మడిలోకి పగలు చుక్క రాదు. రాత్రి అందరూ పడుకున్నాక వస్తుంది" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను చీటీ మీద ఆ మాట రాసి ఎడమవైపు అంటించాను. ఆ సమావేశం మొత్తంలో దానికి మించిన చీటీ లేదని నాకూ అప్పటికి తెలియదు.

4. ఒక్కో నిజాన్నీ మూడు ప్రశ్నలు అడగండి

అసలు పని ఇక్కడుంది. సమయంలో సగం దీనికే ఇవ్వండి. ప్రతి చీటీ దగ్గరా ఆగి అడగవలసినవి:

అ) ఇది నిజమైతే ఇంకేం నిజం కావాలి?
ఆ) ఇది నిజమైతే ఏది నిజం కాలేదు?
ఇ) ఇదే నిజానికి ఇంకో అర్థం చెప్పగలమా?

మొదటి చీటీ తీసుకుందాం. సెప్టెంబరులో అలుగు పారింది. అంటే ఆ రోజుకు చెరువు పట్టగలిగినంత నీరు పట్టింది, ఆపైన వచ్చింది పోయింది. ఇది నిజమైతే "చెరువు నిండకపోవడం వల్ల శివారు ఎండింది" అన్నది నిజం కాలేదు. పూడిక తీస్తే ఇంకాస్త పడుతుంది, నిజమే. కానీ నిండిన చెరువు నీరు నెల తిరగకుండా ఎటు పోయింది? ఆ ప్రశ్నకు పూడిక జవాబు చెప్పదు. ఈ ఒక్క మెట్టుతోనే ఇరవై నిమిషాలుగా సాగుతున్న పూడిక చర్చ నిలిచిపోయింది.

మూడో ప్రశ్న వదిలేయడం చాలామందికి అలవాటు. వదలకండి. పెద్దామె చీటీకి అందరూ చెప్పిన అర్థం "పగలు ఎగువవాళ్లు తాగేస్తున్నారు" అన్నదే. ఇంకో అర్థం చెప్పమని పట్టుబట్టాను. కాసేపటికి తూము తీసే మనిషే అన్నాడు: "రాత్రి తూము మూసే ఉంటుంది కదా. మరి ఆ నీరు ఎక్కడిది?"

అందరూ ఒక్కసారి తూము చీటీ వైపు చూశారు.

5. రెండేసి నిజాలను పక్కపక్కన పెట్టండి

విడిగా చూస్తే మామూలుగా ఉండే నిజాలు జత కలిస్తే కొత్త సంగతి చెబుతాయి. చీటీలు కదిలించడానికి వీలుగా ఉండాలన్నది అందుకే. చార్టు మీద నేరుగా రాసేస్తే జతలు కట్టలేం.

తూము కారుతోంది, రాత్రి మాత్రమే శివారుకు నీరు వస్తోంది. ఈ రెండూ కలిపితే తేలేది ఏమిటి? శివారు పైరు బతుకుతున్నది ఆ కారే నీటితోనే కావచ్చు. సాయంత్రం ఎగువవాళ్లు మడవలు మట్టితో మూసి ఇంటికి వెళ్తారు. కాలువలో అడ్డం లేకపోవడంతో కారిన నీరు చివరిదాకా పోతుంది.

ఇప్పుడు దీని పర్యవసానం చూడండి. సమావేశం మొదట్లో ఎవరూ కాదనని తీర్మానం ఒకటుంది: "తూము మరమ్మతు వెంటనే చేయించాలి." అదొక్కటే చేసి ఊరుకుంటే శివారుకు ఆ రాత్రి నీరు కూడా పోయేది. అందరి మేలు కోరి చేసిన పని ఆ పెద్దామె మడిని ఎండబెట్టేది.

ఇంకో జత. ఎగువన 20 రోజులు ముందు ఊడ్చారు. అయితే వాళ్లకు 20 రోజుల ముందే నీటి అవసరం తీరాలి, ఆ తర్వాత శివారుకు వదలొచ్చు. అలా ఎందుకు జరగలేదు? రకం ఏమిటని అడిగితే ఎగువన చాలామంది స్వర్ణ వేశారు, శివారులో 1001 వేశారు. స్వర్ణ దాదాపు 150 రోజుల పంట, 1001 సుమారు 135 రోజులది. 20 రోజుల ముందుకు 15 రోజుల ఆలస్యం పోగా మిగిలింది అయిదు రోజులే. రెండు చోట్లా వరి దాదాపు ఒకేసారి ఈనుతోంది, ఒకేసారి నీరు కావాలి. అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ రెండు సంగతులూ విడివిడిగా తెలుసు. కలిపి చూసినవాళ్లే లేరు.

6. గొలుసు ఎంత దూరం లాగాలి?

ఒక నిజం నుంచి ఒకటి, దాన్నుంచి ఇంకొకటి తీస్తూ పోవచ్చు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం తోటల సంగతి తీసుకోండి.

కొబ్బరి చెట్లు పడిపోయాయి. పొడవు రకం మొక్క మళ్లీ నాటితే కాపుకు ఆరేడేళ్లు. అంటే ఆ ఇంటికి పోయింది ఒక్క ఏడాది ఆదాయం కాదు. ఈ మధ్యకాలం గడవడానికి అంతర పంటో కూలో కావాలి. కూలి ఊళ్లో దొరక్కపోతే మగవాళ్లు వలస వెళ్లవచ్చు. వెళ్తే పొదుపు సంఘం వాయిదా నెలనెలా కాకుండా, డబ్బు పంపినప్పుడు రావచ్చు.

మొదటి నాలుగు మెట్లలో "కావచ్చు" లేదు. చివరి రెండింటిలో వచ్చింది. నేను పాటించే నియమం ఇదే: వరుసగా రెండు "కావచ్చు"లు వస్తే అక్కడ ఆగండి. ముందుకు వెళ్లే ముందు మొదటి "కావచ్చు" నిజమో కాదో కనుక్కోండి.

ఈ నియమం నేను పాటించని రోజులు ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట ఒక పొదుపు సంఘంలో జూలై వాయిదాలు వరుసగా తప్పాయి. "అలసత్వం కావచ్చు, జరిమానా వేస్తే దారికి రావచ్చు" అనుకుని జరిమానా పెట్టించాను. జూన్‌లో బడి ఖర్చులు పడ్డాయని, నాట్ల కూలి డబ్బు ఇంకా చేతికి రాలేదని ఎవరినీ అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లు సంఘం మానేశారు. వాళ్లలో ఒకామె తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధగానే ఉంది. ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం.

7. లెక్క కట్టండి

"కొంచెం", "చాలా" అన్న మాటల మీద వాదన తెగదు. ఉజ్జాయింపు అంకె వేసినా తెగుతుంది.

ఒక ఎకరంలో ఒక అంగుళం నీరు నిలిస్తే అది సుమారు ఒక లక్ష లీటర్లు. ఎగువన 45 ఎకరాల్లో అవసరానికి మించి రెండు అంగుళాలు పెట్టారనుకుందాం. 90 లక్షల లీటర్లు. శివారు 30 ఎకరాలకు అదే నీరు మూడు అంగుళాలు. ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు ఎగువ రైతు ఒకాయన "రెండు అంగుళాలకే అంతా?" అని లేచి వచ్చి మళ్లీ తానే వేసి చూసుకున్నారు. ఆయన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనవలసిన అవసరం రాలేదు.

8. లేచి వెళ్లి చూడండి

తేలిన ప్రతి సంగతినీ "కాబట్టి ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానాది కనబడాలి" అన్న రూపంలోకి మార్చండి. కనబడకపోతే మన ఆలోచన తప్పు. అందుకే, ఏది కనబడితే తప్పని ఒప్పుకుంటామో ముందే రాసిపెట్టుకోండి.

మేము రాసుకున్నవి రెండు. రాత్రి తొమ్మిదింటికి తూము మూసి ఉండాలి, అయినా కాలువలో నీరు పారుతుండాలి, ఎగువ మడవలు మూసి ఉండాలి. పొద్దున ఏడింటికి మడవలు తెరిచి ఉండాలి, శివారు కాలువ పొడిగా ఉండాలి.

ఇద్దరు ఎగువవాళ్లు, ఇద్దరు శివారువాళ్లు కలిసి టార్చిలైట్లతో వెళ్లారు. ఒక వర్గం వాళ్లనే పంపకండి, చూసి వచ్చినా అవతలివాళ్లు నమ్మరు. రాత్రిది అనుకున్నట్టే ఉంది. పొద్దున మేము ఊహించని సంగతి ఇంకొకటి కనిపించింది. ఎగువ మళ్లలో మూడింటి నుంచి నీరు గట్టు దాటి గెడ్డలోకి (వాగులోకి) పోతోంది. అంటే ఎగువవాళ్లు కూడా ఆ నీటిని వాడుకోవడం లేదు. దురాశ అన్న మాట ఆ పొద్దుటితో కుడివైపు నుంచి కూడా పోయింది.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

*పెద్దమనిషి ముందు మాట్లాడటం.* ఆయన చెప్పాక ఎవరూ కాదనరు. మాట్లాడే ముందు అందరి చేతా చీటీలు రాయించండి. రాయడం రానివాళ్లకు పక్కన ఒకరిని కూర్చోబెట్టండి. పెద్దాయన్ను చివర మాట్లాడమని ముందే, విడిగా, గౌరవంగా అడగండి. నాకు కాదన్నవాళ్లు తక్కువ.

*చెడినవే లెక్కపెట్టడం.* 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌకను మర్నాటి చలిలో పంపాలా వద్దా అని ఇంజినీర్లూ అధికారులూ ఫోనులో సమావేశమయ్యారు. రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు దెబ్బతిన్న పాత ప్రయోగాలనే ముందు పెట్టుకున్నారు. వాటిలో చల్లని రోజూ ఉంది, వెచ్చని రోజూ ఉంది, కాబట్టి చలికీ దెబ్బకూ సంబంధం తేలలేదు. దెబ్బతినని ప్రయోగాలను కూడా కలిపి ఉంటే తేలేది: సుమారు 19 డిగ్రీల సెల్సియస్, ఆపై వేడిలో జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే దెబ్బ, 17 డిగ్రీలు, అంతకు తక్కువలో జరిగిన నాలుగింటిలోనూ దెబ్బ. మర్నాడు నౌకను పంపారు, అది గాల్లోనే బద్దలై ఏడుగురు చనిపోయారు. మీ ఊళ్లో ఎండిన మళ్ల పక్కనే, ఎండని మడిని కూడా చార్టు మీద పెట్టండి. అది ఎందుకు ఎండలేదు?

*ఒక నిజానికి మోయలేనంత బరువు పెట్టడం.* ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువన్నది నిజం. దాని కారణం ఇదేనని పరిశోధకులు ఇంకా తేల్చలేదు. వంశధార నీరు హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా అక్కడికి తెచ్చారు, మంచి నీరు ఎలాగూ కావలసిందే. కానీ "మంచి నీరు తాగుతున్నాం కాబట్టి ఇక పరీక్ష అక్కర్లేదు" అని సమావేశంలో ఎవరైనా అంటే అక్కడ తప్పక అడ్డుపడండి. నీరే ఏకైక కారణమని తేలనప్పుడు ఆ మాట నిలవదు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించుకోవలసిందే. ఇలాంటి చోట తప్పు తీర్మానం మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

*మనిషిని వేలెత్తి చూపడం.* పేరు వచ్చిన మరుక్షణం ఆ మనిషి తన దగ్గరున్న నిజాలు దాచుకుంటాడు. "ఎవరు తీశారు?" అనకుండా "ఏ వేళ తెరిచి ఉంది?" అని అడగండి.

10. తీర్మానం రాసేటప్పుడు

తీర్మానం పక్కన అది ఏ చీటీల మీద నిలబడిందో రాయండి. చీటీ తప్పని రేపు తెలిస్తే తీర్మానం మళ్లీ చూడాలి. ముగించే ముందు ఇవి చదివి వినిపించండి:

- ఈ పని చేస్తే ఎవరికి నష్టం? వాళ్లు ఈ గదిలో ఉన్నారా?
- ముందు ఏది, తర్వాత ఏది? వరుస మారితే ఏమవుతుంది?
- ఎవరు, ఏ తేదీ లోపు?
- పని చేసిందని ఎలా తెలుస్తుంది? ఎవరు వెళ్లి చూస్తారు?
- ఒక్క చీటీ అయినా మూడు ప్రశ్నలు అడగకుండా మిగిలిందా?

చెరువు ఊళ్లో వరుస ఇలా నిలిచింది. ముందు నీటికి వంతులు: ఈనిక మొదలైన రోజు నుంచి వారంలో మూడు పగళ్లు శివారుకు, ఆ రోజుల్లో ఎగువ మడవలు మూసి ఉంచాలి. వంతులు రెండు వారాలు సరిగా నడిచాకే తూము మరమ్మతు. మరుసటి ఏడు ఎగువన కూడా తక్కువ రోజుల రకం వేయగలరేమో రైతు సేవా కేంద్రంలో అడగాలి. పూడిక అర్జీ కూడా పెట్టాలి, కానీ దాని కోసం ఆగకూడదు.

ఆ ఏడు శివారులో చాలా మళ్లు చేతికొచ్చాయి, పెద్దామె ఎకరం పావు కూడా. నాలుగు ఎకరాల మెరక మాత్రం మళ్లీ ఎండింది. వంతు రోజున కూడా నీరు అక్కడికి ఎక్కలేదు. ఆ సంగతి కొత్త చీటీ మీద రాసి ఎడమవైపు అంటించాం. ఆ చీటీని అడగవలసిన మొదటి ప్రశ్న "ఇది నిజమైతే కాలువ మట్టం ఎక్కడ తగ్గి ఉండాలి?" అన్నది. కోతలయ్యాక కొలవడానికి ఇద్దరు పేర్లు ఇచ్చారు.